రొమ్ములో అనుమానపు గడ్డకి బయాప్సీ బదులు న్యూక్లియర్ స్కాన్ సరిపోతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. మీ ఆవిడకి 43 ఏళ్ళు. ఎడమ రొమ్ములో, చంక వైపు, గడ్డ చేతికి తగులుతోంది. మామోగ్రామ్‌లో రొమ్ము దట్టంగా ఉంది, సరిగా కనబడటం లేదని రాశారు. అల్ట్రాసౌండ్‌లో 14 మిల్లీమీటర్ల గడ్డ, బైరాడ్స్ 4బి. సర్జన్ బయాప్సీ, అంటే సూదితో గడ్డలోంచి ముక్క తీసి పరీక్షించడం, అన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు సూది గుచ్చితే పాకుతుందని భయపెడుతున్నారు. అమెరికాలో ఉన్న మీ చెల్లెలు అక్కడ న్యూక్లియర్ స్కాన్‌తో రొమ్ము చూస్తున్నారు, సూది లేకుండా తేలిపోతుంది అంటోంది. తెలిసినాయన ఒకరు ఏకంగా పెట్ స్కాన్ తీయించెయ్యమన్నారు. వీటిలో ఏది చేయించాలి అని అడిగారు.

బయాప్సీ చేయించండి. వీలైతే ఈ వారంలోనే. న్యూక్లియర్ స్కాన్ ఏదీ ఇప్పుడు ఆవిడకి బయాప్సీ చేసే పని చెయ్యలేదు. స్కాన్ బాగున్నా బయాప్సీ కావాలి, బాగోకపోయినా కావాలి. అలాంటప్పుడు మధ్యలో స్కాన్ పెట్టుకుంటే డబ్బు, రోజులు, కాస్త రేడియేషన్ తప్ప చేతికొచ్చేది ఏమీ ఉండదు.

నేను న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ని. పద్దెనిమిదేళ్ళుగా నా బతుకుతెరువు ఈ స్కాన్‌లు తియ్యడం, చదవడం. కొట్టువాడే సరుకు వద్దంటున్నాడంటే ఏదో కారణం ఉంటుంది కదా, అది వివరంగా చెప్తాను. ఒక్క మాట ముందే: ఆవిడ ఫిల్ములు నేను చూడలేదు. చూసిన సర్జన్ మాట నా మాటకంటే పైన.

ముందు ఆ 4బి సంగతి. బైరాడ్స్ అంటే అనుమానం ఎంతో చెప్పే అంకె. 3 అని రాస్తే క్యాన్సర్ అయ్యే అవకాశం వందకి రెండుకి మించదు, ఆరు నెలలకి మళ్ళీ చూద్దామంటారు. 4బి అంటే వందకి పది నుంచి యాభై దాకా. అంటే ఈ అంకె వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి చివరికి క్యాన్సర్ కాదనే తేలుతుంది. ఈ మాట ఆవిడకి చెప్పండి, ఇంట్లో టెన్షన్ కొంచెం తగ్గుతుంది. కానీ వదిలెయ్యడానికి మాత్రం అది చాలా పెద్ద అంకె.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. మధ్యస్థంగా ముప్ఫై శాతం అనుకుందాం. ఇలాంటి గడ్డలున్న వంద మందికి రొమ్ము న్యూక్లియర్ స్కాన్ తీశాం. ఈ స్కాన్ క్యాన్సర్‌ని పట్టుకునేది సుమారు నూటికి 85, మామూలు గడ్డని మామూలేనని వదిలేదీ దాదాపు అంతే. క్యాన్సర్ ఉన్న ముప్ఫై మందిలో పాతికమంది దొరుకుతారు, నలుగురైదుగురు తప్పిపోతారు. క్యాన్సర్ లేని డెబ్భైలో అరవై మందికి శుభ్రంగా ఉందని వస్తుంది. మొత్తం శుభ్రమని రిపోర్టు వచ్చినవాళ్ళు అరవై నాలుగైదు మంది, వాళ్ళలో నలుగురైదుగురికి నిజంగా క్యాన్సర్ ఉంది. అంటే దాదాపు ఏడు శాతం. బయాప్సీ అక్కర్లేదు అని ధైర్యంగా చెప్పే గీత రెండు శాతం దగ్గర ఉంది. స్కాన్ ఎంత శుభ్రంగా వచ్చినా ఆవిడ ఆ గీత కిందికి దిగదు. ఇక స్కాన్‌లో వెలిగిందనుకోండి, ఎలాగూ సూదే. రెండు దారులూ ఒకే గుమ్మం దగ్గరికి వచ్చాయి.

ఈ లెక్క నేను నా పీజీ విద్యార్థుల చేత బోర్డు మీద వేయిస్తాను. వేశాక ఎవరూ మళ్ళీ ఆ ప్రశ్న అడగరు.

ఇంతకీ ఈ స్కాన్ ఏమిటి? దీనికి పాత పేరు సింటిమామోగ్రఫీ. టెక్నీషియం 99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని సెస్టామిబి అనే మందుకి తగిలించి చేతి నరానికి ఇస్తాం. ఈ మందు అసలు పుట్టింది గుండె కోసం. మా విభాగానికి పొద్దున్నే వచ్చే సీసాలో ఎక్కువ భాగం ఇవాళ్టికీ గుండె రోగులకే పోతుంది. కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఎక్కడ ఎక్కువగా, చురుగ్గా ఉంటే అక్కడ ఇది చేరి కూర్చుంటుంది. గుండె కండరంలో అలాగే చేరుతుంది, వేగంగా పెరిగే గడ్డలో కూడా అలాగే చేరుతుంది. 1997లో మందులకి అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని రొమ్ముకి కూడా అనుమతించింది, అదీ మామోగ్రామ్ తర్వాత తోడుగా వాడుకోమని. తోడుగా అన్న ఆ ఒక్క మాట ఇప్పటికీ మారలేదు.

మందు ఎక్కించిన ఐదు పది నిమిషాలకి ఫొటోలు మొదలవుతాయి. కొందరికి నోట్లో ఇనుప రుచి వస్తుంది, కంగారు పడక్కర్లేదు. పాత పద్ధతిలో బోర్లా పడుకోబెట్టి, రొమ్ము కిందికి వేలాడేలా బల్లలో ఖాళీ ఉంచి, పక్క నుంచి గామా కెమెరాతో, అంటే మందు వదిలే కిరణాలని పట్టుకునే కెమెరాతో, పది నిమిషాలకొక ఫొటో తీస్తాం.

సూది ఏ చేతికి అన్నది చిన్న విషయంలా కనబడుతుంది గానీ కాదు. గడ్డ ఉన్న వైపు చేతికి ఇవ్వకూడదు. నేను నేర్చుకుంటున్న రోజుల్లో ఒకావిడ స్కాన్‌లో ఎడమ చంకలో చుక్క దీపంలా వెలిగింది. చంక గ్రంథికి పాకేసిందని రాయబోయాను. మా ప్రొఫెసర్ ఫిల్మ్ వైపు కూడా చూడలేదు, "ఏ చేతికిచ్చారు?" అన్నారు. ఎడమ చేతికే ఇచ్చారు, అదీ నరం పక్కకి కొంచెం లీకయింది. లీకయిన మందు చంక గ్రంథిలోకి వెళ్ళి కూర్చుంది. జబ్బు లేదు, పాడు లేదు. ఎప్పుడైనా ఈ స్కాన్ చేయించుకోవాల్సి వస్తే నర్సుకి మీరే ముందుగా చెప్పండి, రెండో చేతికి ఇమ్మని. రెండు రొమ్ముల్లోనూ అనుమానం ఉంటే కాలి నరానికి ఇస్తాం.

పాత గామా కెమెరాకి అతి పెద్ద లోపం సైజు. ఒక సెంటీమీటరు లోపు గడ్డల దగ్గరికొచ్చేసరికి దాదాపు సగం తప్పిపోతాయి. కెమెరాకీ గడ్డకీ మధ్య దూరం ఎక్కువ, వెలుగు చెదిరిపోతుంది. లోపలికి, ఛాతీ గోడకి ఆనుకుని ఉన్నవి ఇంకా కష్టం. మీ ఆవిడ గడ్డ 14 మిల్లీమీటర్లు, అంటే కెమెరాకి కనబడొచ్చు, కనబడకపోవచ్చు అన్న సరిహద్దు దగ్గరే ఉంది. ఇంకో చిక్కు కూడా ఉంది: ఫైబ్రోఅడినోమా లాంటి మామూలు గడ్డలు కొన్ని వెలుగుతాయి, చీము పట్టినవీ వెలుగుతాయి. పాలు తయారయ్యే గ్రంథుల్లో పుట్టే లోబ్యులర్ రకం క్యాన్సర్ కొన్నిసార్లు ఏమీ ఎరగనట్టు చీకట్లో కూర్చుంటుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పటం లేదు. చాలా ఏళ్ళ కిందట ఒకావిడ వచ్చింది, యాభై లోపు వయసు. 11 మిల్లీమీటర్ల గడ్డ, బాగా లోపల. బయాప్సీ రాస్తే భయపడి, భర్త ఎక్కడో విని, ఈ స్కాన్ రాయించుకుని వచ్చారు. నేను తీశాను. ఏమీ వెలగలేదు. "గడ్డ ఉన్న చోట మందు చేరిన దాఖలా లేదు. మామోగ్రామ్‌తో కలిపి చూడాలి" అని రాశాను. అందులో తప్పేమీ లేదు, ఇవాళ చదివినా తప్పు కనబడదు. కానీ వాళ్ళు మొదటి వాక్యం చదివి ఇంటికెళ్ళిపోయారు. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ ఎముకల స్కాన్ కోసం మా దగ్గరికే వచ్చింది. చంకలో గ్రంథులు, లోబ్యులర్ క్యాన్సర్. ఫైలు తిరగేస్తుంటే అడుగున నా సంతకం ఉన్న కాగితం కనబడింది. ఆవిడ నన్నేమీ అనలేదు, బహుశా గుర్తు కూడా పట్టలేదు. అప్పటినుంచి ఇలాంటి ప్రతి రిపోర్టులో మొదటి వాక్యంగానే రాస్తున్నాను: ఈ స్కాన్‌లో ఏమీ కనబడకపోయినా బయాప్సీ అవసరం తగ్గదు. కొందరు సర్జన్లు నవ్వుతారు, ఇది మాకు తెలీదా అని. నేను రాసేది వాళ్ళ కోసం కాదు.

మీ చెల్లెలు చెప్పింది అబద్ధం కాదు. ఆవిడ చెప్తున్నది మాలిక్యులర్ బ్రెస్ట్ ఇమేజింగ్ అయ్యుంటుంది. అదే మందు, కానీ కెమెరా వేరు. రొమ్ముని రెండు చిన్న డిటెక్టర్ల మధ్య, మామోగ్రామ్ అంత గట్టిగా కాకుండా, మెల్లగా పట్టి ఉంచుతారు. కూర్చునే తీయించుకోవచ్చు. ఒక్కో రొమ్ముకి రెండు ఫొటోలు, ఒక్కోటి పది నిమిషాలు, మొత్తం నలభై నిమిషాలు. గడ్డకీ డిటెక్టర్‌కీ మధ్య దూరం తగ్గింది కాబట్టి సెంటీమీటరు లోపువి కూడా చాలా వరకు దొరుకుతాయి. మందు కూడా తక్కువ చాలు: పాత పద్ధతిలో 20 నుంచి 30 మిల్లీక్యూరీలు (రేడియోధార్మికత కొలత) ఇస్తే ఇక్కడ 8తో సరిపెడుతున్నారు. మిన్నెసోటాలోని మేయో క్లినిక్ వాళ్ళు దీని మీద ఎక్కువ పని చేశారు. దట్టమైన రొమ్ము ఉన్న 1,585 మంది మీద వాళ్ళు చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో మామోగ్రామ్ ఒక్కటే అయితే వెయ్యిమందికి 3.2 క్యాన్సర్లు దొరికాయి, ఈ స్కాన్ కూడా కలిపితే 12.

బాగుంది కదా? బాగుంది. కానీ ఆ 1,585 మంది ఎవరు? ఏ గడ్డా లేని ఆడవాళ్ళు. ఏటా చేయించుకునే స్క్రీనింగ్‌కి వచ్చినవాళ్ళు. మామోగ్రామ్‌లో దట్టమైన కణజాలం తెల్లగా కనబడుతుంది, గడ్డ కూడా తెల్లగానే కనబడుతుంది, పాలలో సున్నం వెతికినట్టు. అలాంటివాళ్ళలో దాక్కున్నదాన్ని బయటికి లాగడానికి వాడిన పరీక్ష అది. 2024 సెప్టెంబరు నుంచి అమెరికాలో ప్రతి మామోగ్రామ్ రిపోర్టులోనూ రొమ్ము దట్టంగా ఉందో లేదో రోగికి చెప్పి తీరాలి. దాంతో అక్కడ మన ఆడవాళ్ళ మాటల్లో కూడా ఈ డెన్సిటీ, ఇంకో స్కాన్ గొడవ ఎక్కువైంది. మీ చెల్లెలు అక్కడ విన్నది వేరే ప్రశ్నకి సరైన జవాబు. మీ ఆవిడ విషయంలో వెతకాల్సినదేమీ లేదు, గడ్డ చేతికే తగులుతోంది. ఇప్పుడు తేలాల్సింది అదేమిటన్నది. పైగా ఆ ప్రత్యేక కెమెరాలు మన దగ్గర చాలా అరుదు. రొమ్ము న్యూక్లియర్ స్కాన్ అని మీకు ఇక్కడ దొరికేది చాలావరకు పాత గామా కెమెరాతో తీసేదే.

మరి నేను ఈ స్కాన్ ఎప్పుడూ తియ్యనా అంటే తీస్తాను, ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఈ మధ్య ఒక పెద్దావిడ, 58 ఏళ్ళు. చంకలో గ్రంథి వాస్తే బయాప్సీ చేశారు, రొమ్ము నుంచి వచ్చిన క్యాన్సర్ అని తేలింది. కానీ మామోగ్రామ్‌లో ఏమీ లేదు, అల్ట్రాసౌండ్‌లో ఏమీ లేదు. ఇలాంటప్పుడు ఎంఆర్ఐ తియ్యాలి, రొమ్ము విషయంలో దానికి మించిన చూపు ఏ స్కాన్‌కీ లేదు. ఆవిడకి పాత రకం పేస్‌మేకర్ ఉంది, ఎంఆర్ఐ కుదరదన్నారు. అప్పుడు సెస్టామిబి ఇచ్చి చూస్తే లోపలి వైపు పై భాగాన చిన్న చుక్క వెలిగింది. ఆ చోటే గురిపెట్టి మళ్ళీ అల్ట్రాసౌండ్ చేస్తే మొదటిసారి తప్పిపోయిన గడ్డ దొరికింది. ఆ రోజు నాకు భోజనం రుచిగా అనిపించింది. చూశారా, అక్కడ కూడా చివరిమాట సూదిదే. మేం చూపించింది సూది ఎక్కడ గుచ్చాలో మాత్రమే.

ఎంఆర్ఐ కుదరనివాళ్ళు, మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ ఒకదానికొకటి పొంతన లేనివాళ్ళు, పాత ఆపరేషన్ మచ్చల మధ్య ఏదీ తేలనివాళ్ళు: ఇంతే దీని జాగా. నెలసరి ఇంకా వస్తుంటే, తొందర లేనప్పుడు, నెలసరి మొదలైన మొదటి రెండు వారాల లోపు తీస్తే చిత్రం శుభ్రంగా ఉంటుంది. తర్వాత హార్మోన్ల వల్ల మామూలు కణజాలమే కాస్త వెలిగి గందరగోళం చేస్తుంది.

ఇక పెట్ స్కాన్. దీని మీద మనవాళ్ళకి ఉన్న భక్తి గురించి ఏం చెప్పాలి? "డబ్బు పోతే పోయింది, ఒళ్ళంతా తీసెయ్యండి డాక్టరుగారూ" అని వారానికి ఒకరైనా అంటారు. పెట్‌లో ఇచ్చేది ఎఫ్‌డీజీ, అంటే ఫ్లోరిన్ 18 తగిలించిన చక్కెర లాంటి పదార్థం. ఆకలిగా ఉన్న కణాలు దాన్ని లాగేసుకుంటాయి. క్యాన్సర్ కణాలకి ఆకలి ఎక్కువ, నిజమే. కానీ ఆకలి వాటికి మాత్రమే ఉండదు. చీము, టీబీ, గాయం మానుతున్న చోటు, పాలిచ్చే రొమ్ము, ఈ మధ్యే టీకా వేసుకున్న వైపు చంక గ్రంథులు, అన్నీ తింటాయి.

ఒక అమ్మాయి గుర్తొస్తోంది. 31 ఏళ్ళు, రెండేళ్ళ పాప. రొమ్ము సగం రాయిలా గట్టిపడింది, చంకలో గ్రంథులు. బయాప్సీ కాకుండానే ఎవరో పెట్ రాశారు. ఎస్‌యూవీ 11 వచ్చింది. ఎస్‌యూవీ అంటే ఆ చోటు ఎంత చక్కెర లాగిందో చెప్పే అంకె. ఇంటర్నెట్‌లో చూసుకుని 2.5 దాటితే క్యాన్సరే అని వాళ్ళే తీర్పు చెప్పేసుకున్నారు. మా వెయిటింగ్ హాల్లో వాళ్ళ అమ్మగారు నేల మీద కూలబడి ఏడ్చారు. తర్వాత బయాప్సీలో గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని తేలింది, క్యాన్సర్ కాదు, ఒక రకం వాపు జబ్బు. టీబీ కూడా లేదని పరీక్షించి మందులిచ్చారు, నెలల మీద తగ్గింది. మన దేశంలో ఈ జబ్బూ, రొమ్ము టీబీ రెండూ కనబడుతూనే ఉంటాయి, పెట్‌లో రెండూ క్యాన్సర్ వేషమే వేస్తాయి. ఆ ఏడుపంతా ఒక సూదితో తప్పేది.

అటు తిరిగి, సెంటీమీటరు లోపు గడ్డ, నెమ్మదిగా పెరిగే రకం, పాల నాళం దాటి బయటికి రాని తొలి దశ క్యాన్సర్, లోబ్యులర్ రకం: వీటిని పెట్ సులువుగా వదిలేస్తుంది. పెట్ పని ఉన్న క్యాన్సర్ ఎంత దూరం వెళ్ళిందో చెప్పడం. ఉందా లేదా అన్న తీర్పు దానిది కాదు. బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చి, గడ్డ పెద్దదై, చంక గ్రంథులు బాగా పట్టి, మూడో దశ అనిపిస్తే అప్పుడు పెట్ తప్పకుండా తీస్తాం. ఎక్కడో వెన్నెముకలో చుక్క దొరికి మొత్తం చికిత్స దారి మారిపోయిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. తొలి దశలో, ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి అందరికీ తియ్యమని వైద్య మార్గదర్శకాలు చెప్పవు. పెట్‌కి అయ్యే డబ్బుతో బయాప్సీ, దాని మీద రిసెప్టర్ పరీక్షలు రెండూ అయిపోయి ఇంకా మిగలొచ్చు.

రిసెప్టర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇవాళ రొమ్ము క్యాన్సర్ అని తేలితే చాలదు. ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు రిసెప్టర్లు, అంటే పెరగమనే సంకేతాల్ని అందుకునే కణ భాగాలు, ఉన్నాయో లేదో తెలియాలి. మాత్రలతో నడిచే రకమా, ప్రత్యేక ఇంజెక్షన్ కావాల్సిన రకమా, ముందు కీమో ఇవ్వాలా అన్నది వాటి మీదే. ఆ కబురు ముక్కలోంచే వస్తుంది. ఈస్ట్రోజన్ రిసెప్టర్లని చూపించే పెట్ మందు ఒకటి 2020లో అమెరికాలో అనుమతి పొందింది. అది కూడా జబ్బు తిరగబెట్టినవాళ్ళకి, పాకినవాళ్ళకి, బయాప్సీకి తోడుగా. మొదటి గడ్డకి అది వర్తించదు.

సూది గుచ్చితే పాకుతుందన్న భయానికి వద్దాం. ఇది మీ ఇంటి భయం ఒక్కటే కాదు, పెద్ద చదువులు చదివినవాళ్ళూ నా ముందు గొంతు తగ్గించి అడుగుతారు. సూది దారిలో నాలుగు కణాలు పడటం సూక్ష్మదర్శినిలో కనబడిన మాట వాస్తవమే. వాటిలో ఎక్కువ భాగం బతకవు. ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్ చికిత్స ఆ దారిని కూడా కలుపుకుపోతాయి. సూది పరీక్ష చేయించుకున్నందువల్ల ఆయుష్షు తగ్గిందని ఎక్కడా తేలలేదు. మరి ఊళ్ళో "సూది వేశారు, ఆర్నెల్లలో పోయింది" అన్న కథలు ఎక్కడివి? బాగా ముదిరాక వచ్చారు, అప్పుడు సూది పడింది, జబ్బు తన దారిన తాను పోయింది. నింద సూది మీద పడింది.

బయాప్సీకి వెళ్ళేటప్పుడు కొన్ని అడగండి. సన్న సూదితో చేసే ఎఫ్ఎన్ఏసీ కాకుండా కోర్ బయాప్సీ చేస్తారా అని అడగండి. ఎఫ్ఎన్ఏసీలో విడి కణాలే వస్తాయి, క్యాన్సర్ నాళం దాటిందో లేదో వాటిలో తెలీదు. కోర్‌లో సన్నటి దారాల్లాంటి ముక్కలు వస్తాయి. సాధారణంగా 14 గేజ్ సూది, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేస్తారు. అరగంటలో బయటికొచ్చేస్తారు. సూది దిగినప్పుడు స్టేప్లర్ కొట్టినట్టు టక్ మని చప్పుడవుతుంది. దాని గురించి ఎవరూ ముందు చెప్పరు, చాలామంది నొప్పికంటే ఆ చప్పుడుకే ఉలిక్కిపడతారు. ఆవిడకి ముందే చెప్పి ఉంచండి. డబ్బు ఇబ్బంది అయితే హైదరాబాద్‌లో ఎంఎన్‌జె, విశాఖలో హోమీ భాభా లాంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రులు ఉన్నాయి.

రిపోర్టు మామూలు గడ్డ అని వచ్చినా పని అయిపోయినట్టు కాదు. ముక్క చెప్పేదీ స్కాన్ చూపించేదీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని రేడియాలజిస్టుని అడగండి. 4బి బొమ్మకి "మామూలు రొమ్ము కణజాలం" అని రిపోర్టు వస్తే సూది గడ్డకి తగల్లేదేమో అని అనుమానించాలి, మళ్ళీ తియ్యాలి. బాగుందని వచ్చిందిగా అని ఇక్కడ ఆగిపోయేవాళ్ళు ఎక్కువ.

ఒకవేళ క్యాన్సర్ అనే వచ్చిందనుకుందాం. అప్పుడు మా విభాగానికి పని పడుతుంది, మీరు అనుకున్న చోట కాదు, ఆపరేషన్ దగ్గర. చంకలో మొట్టమొదట జబ్బు చేరే కాపలా గ్రంథి ఒకటి రెండు ఉంటాయి. ఆపరేషన్ రోజున గానీ ముందు రోజు గానీ చనుమొన చుట్టూ కొద్దిపాటి టెక్నీషియం మందు ఇస్తాం. అది నడిచి వెళ్ళి ఆ గ్రంథిలో ఆగుతుంది. థియేటర్‌లో సర్జన్ గామా ప్రోబ్ అనే కడ్డీ పట్టుకుని చంకలో వెతుకుతారు, గ్రంథి దగ్గరికి రాగానే అది గీపెడుతుంది. నీలం రంగు కూడా తోడు వేస్తారు. ఆ ఒకటి రెండు గ్రంథులు తీసి చూస్తే, శుభ్రంగా ఉంటే, చంక మొత్తం ఊడ్చెయ్యనక్కర్లేదు. జీవితాంతం చెయ్యి వాచిపోయే బాధ చాలావరకు తప్పుతుంది. గామా ప్రోబ్‌తో రొమ్ములో ఈ పద్ధతిని డేవిడ్ క్రాగ్ బృందం 1993లో బయటపెట్టింది. రొమ్ము విషయంలో మా శాఖ చేసిన అసలు మేలు ఏది అని నన్నడిగితే, గడ్డల ఫొటోలకంటే దీన్నే ముందు చెప్తాను.

రేడియేషన్ గురించి కూడా అడిగారు. టెక్నీషియం ఆరు గంటలకోసారి సగమవుతుంది, అంటే మర్నాడు అదే వేళకి పదహారో వంతే మిగులుతుంది. పాత మోతాదు 20 మిల్లీక్యూరీలకి ఒంటికి పడే రేడియేషన్ సుమారు 6 నుంచి 7 మిల్లీసీవర్ట్‌లు, కొత్త 8 మిల్లీక్యూరీలకి దాదాపు రెండున్నర. మామోగ్రామ్‌కి అర మిల్లీసీవర్ట్. పోలికకి, ఊరికే ఈ భూమ్మీద బతుకుతున్నందుకు ఏడాదికి సగటున 2.4 పడుతుంది. భయపడేంత కాదు. కానీ మామోగ్రామ్ రేడియేషన్ రొమ్ముకే పడుతుంది, మా మందు ఒళ్ళంతా తిరుగుతుంది, పేగుకి ఎక్కువ తగులుతుంది. అందుకే ఏటా స్క్రీనింగ్‌గా అందరికీ ఇది వాడాలంటే నేను వెనకాడతాను. గర్భం ఉందేమో అన్న అనుమానం ఉన్నా, పాలిస్తున్నా ముందే చెప్పాలి.

మీ ప్రశ్న చివర ఒక వాక్యం రాశారు: ఆవిడ షుగరు మాత్రలు, గుండె డాక్టరు రాసిన ఆస్పిరిన్ వాడుతున్నారని. షుగరు మాత్రలు బయాప్సీకి అడ్డం కావు, పొద్దున్న టిఫిన్ చేసి వెళ్ళొచ్చు, ఏ ఆస్పత్రి అయినా వేరేగా చెప్తే అదే పాటించండి. ఆస్పిరిన్ సంగతి సూది వేసే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. చాలాచోట్ల ఆపకుండానే చేసేస్తారు, కాసేపు ఎక్కువ నొక్కిపట్టి ఉంచుతారు, అంతే. గుండెలో స్టెంట్ ఉంటే మాత్రం మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపకండి, గుండె డాక్టరుకి ఫోన్ చేసి అడిగాకే.